మునిగితే తప్పు నాదే

పుట్టింది ఎక్కడో గాజు పనివాళ్ల చేతుల్లో అయినా, నా ఊరు కోటవురట్ల. ఇక్కడి పాల సెంటర్లోనే నా బతుకంతా గడిచింది. జానెడు గాజు ఒళ్లు, అడుగు బుడ్డిలో సీసం గుళ్లు, పైన సన్నటి మెడ, మెడ లోపల అంకెల కాగితం. అసలు పేరు లాక్టోమీటరు. ఇక్కడ ఉత్తి మీటరే.

నా పని తేలడం. పాలు చిక్కగా ఉంటే మెడ బయటికి పెడతాను, పలచనైతే దిగిపోతాను. 30 దగ్గర ఆగానంటే లీటరు పాలు 1030 గ్రాములు. నీళ్లు లీటరుకి కిలోయే కాబట్టి వాటిలో సున్నా దాకా మునుగుతాను. ఓసారి సెంటరు కుర్రాడు సరదాకి గానుగ దగ్గర చెరుకు రసంలో వేశాడు. బెల్లానికి పేరుపడ్డ అనకాపల్లి జిల్లా చెరుకు మరి! లీటరు 1070 గ్రాముల దాకా తూగే ఆ రసం నా అంకెలన్నిటినీ గాల్లోకి లేపేసింది. అదే కొబ్బరినూనె అయితే లీటరు 920 గ్రాములే, బుడుంగున అడుక్కి పోతాను.

వెన్న కూడా నూనెలాగే నీళ్లకన్నా తేలిక. నాకు చెడ్డపేరు తెచ్చింది అదే. మీగడ తీసేస్తే పాలు బరువెక్కి నేను పైకి లేస్తాను. ఆపైన తగుపాటి నీళ్లు పోస్తే మళ్లీ 29 దగ్గర నిలబడి, బాగున్నాయని సాక్ష్యం పలుకుతాను. పక్కన వెన్న పరీక్ష లేకపోతే నా మాట నమ్మకండి.

దొంగని వదిలేసినందుకు కాదు, దొంగ కాని మనిషిని పట్టిచ్చినందుకు బాధపడతాను. ఒక ముసలామె తెల్లారకుండానే గేదెని పితికి, నురగ చావకముందే తపేలా తెచ్చింది. నన్ను తయారుచేసింది 27 డిగ్రీల వేడికి. పొదుగు వేడి 38. వేడికి పాలు వ్యాకోచిస్తాయి, నురగలో గాలి ఉంటుంది. 26 చూపించాను.

"నీళ్లు కలిపీసినావేటమ్మా?"

"సుక్క కలపనేదు బాబూ, నా గేదె మీదొట్టు."

అరగంట ఆగితే 29 చెప్పేదాన్ని. ఎవరూ ఆగలేదు. ఆ పూట ఆమెకి డబ్బు తగ్గింది.

పాలూ నూనెల బరువు చెప్తాను గానీ, గాలి సంగతి నాకు చేతకాదు. లీటరు గాలి గ్రామున్నర కూడా తూగదు, నేను దాన్లో తేలేదెక్కడ? కానీ గాలికీ వేరే గ్యాసులకీ తేడా ఉందని వచ్చేపోయేవాళ్ల మాటల్లో విన్నాను. వంటగ్యాసు గాలికన్నా బరువు, కారితే నేలబారున పాకుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వెంకటాపురంలో ఫ్యాక్టరీలోంచి కారిన స్టైరీన్ అనే రసాయనం ఆవిరి గాలికి మూడున్నర రెట్లు బరువు. పైకి పోలేదు, నిద్రపోతున్నవాళ్ల ఇళ్ల మధ్యే పాకింది. ఆ మాట విన్న పొద్దున సెంటర్లో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడు సెంటర్లోకి కరెంటు మిషను వచ్చింది, నేను అలమరాలో ఉంటున్నాను. కరెంటు పోయినప్పుడు మాత్రం కుర్రాడికి గుర్తొస్తాను. బాబూ, నన్ను ముంచే ముందు నురగ తగ్గనీ, పాలు ఆరనీ. ముసలామె ఇంకా రోజూ పాలు తెస్తోంది.