ఖాళీ బండే కదా అనకండి

పోయిన నెల పామర్రు సెంటర్లో చూశాను. టీ కొట్టుకి పది అడుగుల దూరంలో పెట్రోలు ట్యాంకరు ఆగి ఉంది. పైన మూత ఒకటి సరిగ్గా పడలేదు. డ్రైవరు కుర్రాడు ముందు టైరు మీద కాలు పెట్టుకుని సిగరెట్టు కాలుస్తున్నాడు. పక్కన టీ కొట్టు పొయ్యి భగభగ మండుతోంది. "అబ్బాయ్, ముందు ఆ సిగరెట్టు ఆర్పు, పైకెక్కి మూత బిగించు" అన్నాను. "ఎంప్టీ బండే తాతా, గుడివాడలో దించేసి వస్తున్నా" అన్నాడు.

ముప్ఫై నాలుగేళ్ళు ఆయిలు బండి తోలినవాణ్ణి. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పెట్రోలు ఆవిరి గాలిలో నూటికి సుమారు ఒకటిన్నర పాళ్ళ నుంచి ఏడున్నర పాళ్ళ దాకా కలిస్తేనే అంటుకుంటుంది. బండి నిండా సరుకుంటే లోపల గాలికి చోటెక్కడిది? సరుకు దించేశాక గోడలకి పట్టుకున్న తడి, అడుగున మిగిలిన గ్లాసెడు నూనె ఆవిరై, లోపలికి వచ్చిన గాలితో కలుస్తుంది. ఆ పాళ్ళు కుదిరేది అప్పుడే. నిప్పు పడితే నిండు బండి మండుతుంది, ఖాళీ బండి పేలుతుంది. పైగా ఆ ఆవిరి గాలికంటే బరువు. పైకి పోకుండా నేలబారున పాకి, గుంటల్లో, కాలవల్లో కూర్చుంటుంది. పది అడుగుల దూరంలో పొయ్యి ఉందంటే నాకెందుకు గుండె దడ పుట్టిందో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

మా రోజుల్లో మాకు కాగితం మీద నియమాలు తెలియవు. 1934 నాటి పెట్రోలియం చట్టం మా నెత్తి మీద ఉండేదన్నమాటే గానీ, మాకు తెలిసిన చట్టమల్లా బందరు షెడ్డులో మేస్త్రీ నోరే. సరుకు దించాక అడుగు వాల్వు విప్పి ఆఖరి చుక్క దాకా వంచాలి. మూతలన్నీ బిగించాలి. తిరుగు ప్రయాణంలో కూడా వెనక గొలుసు నేలకి తగులుతూనే ఉండాలి. ఖాళీ బండి అని ఊరి మధ్యలో ఆపితే ఆ నెల జీతంలో కోత. ట్యాంకుకి చిల్లు పడిందంటే నేరుగా వెల్డింగు షాపుకి తోలుకుపోవడం లేదు. ముందు కడగాలి, తర్వాత పొర్లిపోయేదాకా నీళ్ళు నింపాలి, అప్పటికీ మేస్త్రీ ముక్కు పెట్టి వాసన చూసి సరే అంటేనే వెల్డింగు. అప్పటిదాకా ఆ బండి దగ్గర బీడీ వెలిగించిన క్లీనరు మర్నాడు పనిలో ఉండేవాడు కాదు.

ఆ మేస్త్రీ గురించి ఒక్కటి చెప్పాలి. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచేసింది. ఊళ్ళకి ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. నూతుల్లో, చెరువుల్లో సముద్రం నీళ్ళు. శవాల మధ్య బతికినవాళ్ళకి గుక్కెడు మంచినీళ్ళు లేవు. చెట్లు నరికి దారి చేశాక బందరు నుంచి అవనిగడ్డ వైపు ఏ బండి దొరికితే ఆ బండి తోలారు. మా షెడ్డులో కిరసనాయిలు ట్యాంకరొకటి ఖాళీగా ఉంది. పెద్దమనుషులు నలుగురొచ్చి, దాంట్లో నీళ్ళు నింపి పంపమన్నారు. మేస్త్రీ ఒప్పుకోలేదు. వాళ్ళు తిట్టారు. జనం చస్తుంటే నీకు బండి ముద్దా అన్నారు. ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు గానీ కదల్లేదు. "ఉప్పు నీళ్ళు తాగి ఎలాగో బతికినోళ్ళకి నేను కిరసనాయిలు నీళ్ళు పొయ్యనండీ" అన్నాడు. ఆ రాత్రి మేం ఎనిమిదిమందిమి ఊరంతా తిరిగి, పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే గంగాళాలు, బానలు, ఇత్తడి బిందెలు పోగుచేశాం. వాటినే నీళ్ళతో నింపి మామూలు లారీలో పేర్చి, గడ్డి కుక్కి, తెల్లారేసరికి చల్లపల్లి దాటించాం. సగం నీళ్ళు దారిలోనే ఒలికిపోయాయి. మిగిలిన సగం తాగి ఎవరూ వాంతులు చేసుకోలేదు.

మా రోజులన్నీ బంగారమని అనను. ఆయిలు బండి దగ్గరున్న భయం పురుగుమందు డబ్బా దగ్గర మాకు లేదు. వరిచేలకి ఎండ్రిన్ కొట్టిన కాలం అది. ఖాళీ అయిన ఎండ్రిన్ డబ్బాని కాలవలో రెండుసార్లు జాడించి, దాంట్లో కిరసనాయిలు పోసుకునేవారు, గేదెలకి కుడితి కలిపేవారు, కొన్ని ఇళ్ళల్లో మంచినీళ్ళు కూడా పట్టేవారు. మందు బస్తాలూ బియ్యం బస్తాలూ ఒకే లారీలో మేమే తోలాం. ఆ తప్పు మాది. ఎండ్రిన్‌ని 1990లో దేశంలో నిషేధించారు. అప్పటికి మా డెల్టాలో ఆ పేరు చావుకి మారుపేరైపోయింది.

ఈ దేశంలో పురుగుమందుల మీద చట్టం పుట్టింది కూడా ఇలాంటి కలగలుపు సరుకు వల్లే. 1958లో కేరళలో వందమందికి పైగా చనిపోయారు. వాళ్ళు తిన్న పిండీ పంచదారా ఫోలిడాల్ అనే పురుగుమందుతో కలిసి ప్రయాణం చేశాయి. మందు కారి తిండిలోకి దిగింది. ఆ తర్వాత 1968లో పురుగుమందుల చట్టం, 1971లో దాని నియమాలు వచ్చాయి. మందుని తిండి సరుకుకి, పశువుల దాణాకి తగలకుండా తోలాలి. దారిలో కారితే నేలా నీరూ పాడవకుండా చూసే బాధ్యత రవాణా చేసేవాడిదే. ఖాళీ డబ్బాని పగలగొట్టి, ఊరికి దూరంగా పాతిపెట్టాలి. ఇంత స్పష్టంగా రాశారు. అయినా 2013లో బీహారు సారణ్ జిల్లా గండామన్ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు పోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు బయటపడింది.

ఇప్పుడు నియమాలకి కొదవ లేదు, అవి మంచివి కూడా. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 129 నుంచి 137 దాకా ప్రమాదకర సరుకు గురించే. బండికి అగ్గి గుర్తున్న ఎర్ర పలక, సరుకు నంబరు రాసిన బోర్డు ఉండాలి. పెట్రోలుకి 1203, డీజిలుకి 1202. ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలో రాసిన కార్డు కేబిన్లో ఉండాలి. పెట్రోలియం నియమాలైతే, ఆవిరంతా పోయేలా కడిగేదాకా ఖాళీ ట్యాంకు మూసే ఉంచాలన్నాయి. యూరపు దేశాల్లో కడగని ఖాళీ ట్యాంకరుకి నిండు బండికున్న పలకలే ఉండాలి. మా మేస్త్రీ ఆ పుస్తకాలేవీ చదవలేదు. చెప్పింది మాత్రం అదే.

మరి రోడ్డు మీద నాకు కనిపిస్తున్నదేమిటి? పలక మీద మట్టి, నంబరు సగం చెరిగిపోయి ఉంటుంది. కేబిన్లో కార్డు ఇంగ్లీషులో ఉంటుంది. డ్రైవరుకి ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషూ చదవడం రావాలని చట్టం రాసింది. బండి బోల్తా పడి, నూనె కారుతూ, చుట్టూ జనం చేరి అరుస్తున్నప్పుడు ఆ కుర్రాడు ఇంగ్లీషులో వెతుక్కోవాలా? తెలుగులో ఒక అట్ట అచ్చేయించడానికి ఎంతవుతుంది? ప్రమాదకర సరుకు తోలే లైసెన్సుకి ఏడాదికోసారి మళ్ళీ పాఠం చెప్పించుకుని రెన్యువలు చేయించుకోవాల్సి ఉండేది. 2019 సవరణ దాన్ని మూడేళ్ళకి పెంచింది. అది తప్పు. సిగరెట్టు పట్టుకున్న ఆ కుర్రాడికి ఏడాదికోసారి కాదు, ఆరు నెలలకోసారి చెప్పాలి.

అన్నిటికంటే కడుపు మండేది కాలవ గట్ల దగ్గర. మన ఊళ్ళలో మంచినీళ్ళ చెరువులు నిండేది కృష్ణ కాలవల నుంచే. బెజవాడ దగ్గర వదిలిన నీళ్ళు బందరు కాలవ పొడుగునా వచ్చి మన బిందెల్లో పడతాయి. ఆ కాలవ గట్టు మీద ట్యాంకరు ఆపి, పైపు పెట్టి కడిగి, ఆ కడుగునీళ్ళు కాలవలోకే వదిలేసే బండ్లని నా కళ్ళతో చూశాను. అడిగితే జవాబు అదే, ఖాళీ బండే కదా అని. మందు కొట్టే స్ప్రేయర్లనీ అక్కడే జాడిస్తారు. సంతలో అమ్మే నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు ఏ ఫ్యాక్టరీలో ఏ రసాయనం మోసి వచ్చాయో అమ్మేవాడికీ తెలియదు. కొన్నవాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి దాంట్లో బియ్యం పోసుకుంటారు. రసాయనం అంటిన ఖాళీ పీపాలు ప్రమాదకర వ్యర్థాలేనని 2016 నియమాలు పేరుపెట్టి చెబుతున్నాయి. వాటిని తోలాలంటే ఏడు రంగుల ఏడు ప్రతుల చీటీ ఉండాలి. సంతకొచ్చిన డ్రమ్ముతో ఒక్క చీటీ అయినా వచ్చిందా?

గుడివాడ, బందరు, దివిసీమ వాళ్ళందరికీ నాదొక మనవి. ఖాళీ ట్యాంకరు టీ కొట్టు దగ్గరో, బడి దగ్గరో ఆగితే ముందుకు తీసి ఊరి బయట ఆపమనండి. కాలవలో కడుగుతుంటే బండి నంబరు రాసుకుని 112కి ఫోను చెయ్యండి. ముందు ఏం మోసిందో చెప్పలేని డ్రమ్ము ఎంత చవకగా ఇచ్చినా కొనకండి. పురుగుమందు డబ్బా ఖాళీ అయిన రోజే అడుగుకి చిల్లు పొడిచెయ్యండి.