ముందు తెంపండి, తర్వాతే కొనండి

డెన్వర్‌లో మనవాళ్ళెవరు ఫ్లై ఫిషింగ్ మొదలుపెట్టినా రెండో వారానికల్లా నాకు ఫోను చేస్తారు. "అన్నా, ఫ్లోరోకార్బన్ టిప్పెట్ ఏది తీసుకోమంటావ్?" ఇప్పుడేదీ తీసుకోకు అంటాను. తలాతోకా లేని సలహా ఇస్తున్నాననుకుంటారు. నా మిగతా సలహాలూ అలాంటివే. దుకాణంలో చెప్పేదానికీ, దారం చుట్ట మీద అచ్చువేసినదానికీ అడ్డంగానే ఉంటాయి. అయినా సౌత్ ప్లాట్ నదిలో మోకాటి లోతున నిలబడి నేర్చుకున్నవి కాబట్టి గట్టిగానే చెప్తాను.

ఎరగనివాళ్ళకి ఒక్క ముక్క. ఇందులో బెండూ వానపామూ ఉండవు. ఈకలూ బొచ్చూ చుట్టి పురుగులా కట్టిన చిన్న గాలమే ఫ్లై. లావుపాటి లైన్ బరువుతో దాన్ని విసురుతాం. లైన్‌కి లీడర్ అనే దారం, లీడర్ కొసన రెండు మూడడుగుల సన్నదారం కడతాం. ఆ కొసదారమే టిప్పెట్. దాన్ని నైలాన్‌తోనో, ఫ్లోరోకార్బన్‌తోనో చేస్తారు.

"చేపకి కనపడదు" అని రాసి ఉందని ఫ్లోరోకార్బన్ కొనకండి. నీటి వక్రీభవన గుణకం 1.33. ఫ్లోరోకార్బన్‌ది సుమారు 1.42, నైలాన్‌ది 1.53 దరిదాపు. అందుకని నీళ్ళలో ఇది నైలాన్ కంటే తక్కువగా కనిపిస్తుంది, నిజమే. మాయమైపోదు. ఆ నది మీదున్న చీజ్‌మన్ డ్యామ్ దిగువన నీళ్ళు గాజులా ఉన్న రోజున నా టిప్పెట్ పైనుంచి నాకే కనిపిస్తుంది. ట్రౌట్‌ని ఎక్కువగా బెదరగొట్టేది దారం కాదు, ఈడ్పు. పక్కనున్న ఆకు, నురగ ఒక వేగంతో పోతుంటే మీ ఫ్లై ఒక్కటీ అడ్డంగా జారిందా, చేప మొహం తిప్పుకుంటుంది. దారం మార్చినా ఆ ఈడ్పు పోదు. చెయ్యి మారాలి.

నీటిమీద తేలే డ్రై ఫ్లైకి ఖరీదైన దారం అసలే వద్దు. ఫ్లోరోకార్బన్ సాంద్రత నీటికి 1.78 రెట్లు, నైలాన్‌ది 1.14. నీటిపొర పట్టి ఉంచినంతసేపే ఫ్లోరోకార్బన్ తేలుతుంది. పొర చీలితే దిగిపోతుంది, దానితోపాటు మీ చిన్న ఫ్లై ముక్కూ వంగుతుంది. నైలాన్ సగం ధరకే వస్తుంది, ఇక్కడ పనికొచ్చేది అదే. నీటి అడుగున ఆడే ఫ్లై, అంటే నింఫ్, వాడేటప్పుడు మాత్రం ఫ్లోరోకార్బన్‌కి దణ్ణం పెట్టాలి. త్వరగా దిగుతుంది, గ్రానైట్ రాళ్ళకి ఒరుసుకున్నా ఓర్చుకుంటుంది. నైలాన్ నీళ్ళు పీల్చి బలం కొంత కోల్పోతుంది, ఇది పీల్చదు. జపాన్‌లోని కురేహా కంపెనీ 1971లో ఈ దారం తెచ్చింది. నా మటుకు దాని గొప్పతనమంతా ఈ గట్టిదనంలోనే ఉంది.

రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి, రెండూ 5ఎక్స్ అయితే, బలం ఎక్కువ రాసినదాన్ని వెంటనే తీసుకోకండి. ఈ ఎక్స్ లెక్క పట్టుపురుగు తంతువుతో లైన్ చేసిన కాలం నాటిది. తంతువుని సన్నని రంధ్రాల గుండా ఎన్నిసార్లు లాగితే అన్ని ఎక్స్‌లు. ఇప్పుడది మందం లెక్క. 11లోంచి ఎక్స్ సంఖ్య తీసేస్తే అంగుళంలో వెయ్యోవంతులు వస్తాయి. అంటే 5ఎక్స్ 0.006 అంగుళాలు, సుమారు 0.15 మిల్లీమీటర్లు ఉండాలి. మైక్రోమీటరు పెట్టి కొలిస్తే కొన్ని చుట్టలు రాసినదానికన్నా లావుగా తేలాయి. ఆ అదనపు బలం లావుదే.

ఇంకో మాట, దీనికి నాతో చాలామంది తగువు పెట్టుకుంటారు. మీరనుకున్నదానికంటే ఒక నంబరు లావు దారం కట్టండి. సన్నదారంతో నాలుగు చేపలు ఎక్కువ పడొచ్చు. కానీ ప్రతి చేపనీ నెమ్మదిగా, భయంభయంగా లాక్కురావాలి. ఆ డ్యామ్ దిగువనున్న చీజ్‌మన్ కాన్యన్‌లో పట్టిన చేపని వదిలేయాల్సిందే. అలసి సొలసి ఒరిగిపోయిన ట్రౌట్‌ని వదిలితే అది ఏం బతుకుతుంది? నీటి వేడి 20 డిగ్రీల సెల్సియస్ దాటిన మధ్యాహ్నం దారం సంగతి పక్కనపెట్టి కర్ర మడిచి ఇంటికి వచ్చేయండి.

ఇక అసలు సంగతి. అదే నదిలో డెకర్స్ దగ్గర ఓ అక్టోబరు ఉదయం మంచి రెయిన్‌బో ట్రౌట్ ఒకటి పడి, రెండో పరుగులోనే పోయింది. దారం వెనక్కి లాగి చూస్తే కొస సొరపాదు నులితీగలా చుట్టుకుని ఉంది. తెగిన దారం అలా ఉండదు, కొస తిన్నగా ఉంటుంది. నులితీగలా ఉందంటే ముడి జారిందన్నమాట. కొత్త చుట్ట, ఖరీదైన చుట్ట, ఏం లాభం? ఫ్లోరోకార్బన్ నైలాన్ కంటే బిరుసు. పొడిగా ఉండగా చటుక్కున బిగిస్తే రాపిడి వేడికి అక్కడే దెబ్బతింటుంది, సగం బిగిస్తే జారుతుంది. ఉమ్మితో తడిపి, నెమ్మదిగా లాగి, చుట్లు ఒకదాని పక్కన ఒకటి కూర్చునేదాకా చూసి, అప్పుడు గట్టిగా బిగించాలి.

కాబట్టి నదికి వెళ్ళకముందే ఇంట్లో కూర్చుని ముడులు వేసి తెంపండి. ముడి విప్పి చూడటం కాదు, తెంపడమే. పాత గాలాన్ని శ్రావణంతో పట్టుకుని (కళ్ళద్దాలు తప్పనిసరి), చేతికి గుడ్డ చుట్టుకుని దారాన్ని లాగండి. ఫ్లైకి కట్టే క్లించ్ నాట్ పది, లీడర్‌కి టిప్పెట్‌ని కలిపే సర్జన్స్ నాట్ పది. ప్రతిసారీ కొస చూడండి, నులితీగా, తిన్ననా. దీనికి మీ దగ్గరున్న చౌక నైలాన్ చాలు. తెంపిన ముక్కల్ని జేబులో వేసుకుని చెత్తబుట్టలో పడేయండి. నది ఒడ్డున కత్తిరించినవీ అంతే. ఫ్లోరోకార్బన్ అయితే ఎండకీ నీటికీ లొంగదు, ఏళ్ళతరబడి అక్కడే పడి ఉంటుంది. నీళ్ళ అడుగున నడిచే డిప్పర్ పిట్టలు తిరిగే రాళ్ళ మధ్య అలా వదిలేసి రావడం నేను ఊహించలేను.

పదికి పది తిన్నగా తెగిన రోజున మళ్ళీ ఫోను చేయండి. నింఫ్ కోసం 5ఎక్స్ ఫ్లోరోకార్బన్ ఒక్క చుట్ట కొనమంటాను.