ఇంటాయన బదులు

1967 సెప్టెంబరు 30న బీబీసీ రేడియో 1 మొదలైంది. సముద్రంలో ఓడలు నిలిపి పాప్ పాటలు వినిపించే దొంగ స్టేషన్లను బ్రిటన్ ప్రభుత్వం అంతకు నెలన్నర ముందే చట్టం చేసి నిషేధించింది. ఆ ఓడల మీద పేరు తెచ్చుకున్న కుర్రాళ్లను బీబీసీ పిలిచి ఉద్యోగాలిచ్చింది. టోనీ బ్లాక్‌బర్న్, జాన్ పీల్ అలా వచ్చినవాళ్లే. డీజేలంతా మగవాళ్లు.

బ్రైటన్‌లో పత్రికకు పాటల కాలమ్ రాసే యానీ నైటింగేల్ తనకూ అవకాశం ఇమ్మని అడిగింది. డీజేలుగా ఆడవాళ్లు వద్దని బీబీసీ వాళ్లు అన్నారు. కారణం ఆవిడే తర్వాత చాలాసార్లు చెప్పింది: భర్త పనికి వెళ్లాక ఇంట్లో ఒంటరిగా ఉండే ఇల్లాలికి డీజే అంటే ఇంటాయన బదులట! పాట గురించి యానీకేం తెలుసని మాత్రం ఎవరూ అడగలేదు. ఇప్పుడు చదువుతుంటే కూడా ఒళ్లు మండే మాట ఇది.

యానీ పట్టు వదల్లేదు. 1970లో ఒక అవకాశం ఇచ్చి చూశారు. మొదటి షోలోనే, కంగారులో తప్పు మీట నొక్కింది. పాట ఆగిపోయింది. రేడియోలో నిశ్శబ్దాన్ని మించిన నేరం లేదు. ఆడదాని చేతికిస్తే ఇంతేనని అనుకోవడానికి వాళ్లకు ఆ కొన్ని సెకన్లు చాలు.

అదే మనిషి తర్వాత ఆదివారం సాయంత్రాల రిక్వెస్టు షోలో కావాలనే నిశ్శబ్దం పాటించేది. తన మాట ముగించి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు పాట వేసేది. క్యాసెట్ పెట్టుకుని రికార్డు చేసుకునే పిల్లలకు పాట మొదట్లో తన గొంతు పడకూడదని! పాటను అంతగా ప్రేమించినవాళ్లకే ఆ ఆలోచన వస్తుంది.

మరో ఆడగొంతు, జానిస్ లాంగ్, ఆ స్టేషన్‌కు రావడానికి పన్నెండేళ్లు పట్టింది. అప్పటిదాకా యానీ ఒక్కతే. కుర్రకారు సంగీతం మారినప్పుడల్లా ఆవిడా దాంతోపాటు మారింది. యాభై దాటాక కూడా డాన్స్ క్లబ్బుల్లో పుట్టిన కొత్త సంగీతాన్ని వెతికి తెచ్చి, ఊరంతా నిద్రపోయే వేళ వినిపించింది.

ఇంటాయన బదులు పెట్టుకున్న తొలి జట్టులో టోనీ బ్లాక్‌బర్న్ 1984లో రేడియో 1 వదిలేశారు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. జాన్ పీల్ ఒక్కరే 2004లో చనిపోయేదాకా ఉన్నారు. అంటే 37 ఏళ్లు.

యానీ 2023 చివరిదాకా షో చేసింది. 2024 జనవరి 11న, 83 ఏళ్ల వయసులో కన్నుమూసింది. 53 ఏళ్ల ఉద్యోగం. రేడియో 1 చరిత్రలో అంతకాలం పాటలు వినిపించిన మగవాడు ఒక్కడూ లేడు.