వదులుకోని సీటు

మా పెద్దమ్మకు కరీంనగర్‌లో చిన్న కిరాణం కొట్టు ఉంది. తెలుగులో ఐదో తరగతి దాకా చదువుకుంది. హిందీ మాట్లాడుతుంది గానీ చదవలేదు. ఇంగ్లీషు అసలే రాదు. లెక్క విషయంలో మాత్రం ఆమెను బోల్తా కొట్టించినవాళ్లు ఆ బజారులో లేరు. అరువు తీసుకున్నవాళ్లతో ఖాతా పుస్తకంలో సంతకం పెట్టించేటప్పుడు ఏ సరుకు, ఎంత, ఏ తేదీ అన్నది తన చేత్తో రాసి, చదివి వినిపించి, ఆ తర్వాతే పెన్ను వాళ్లకు ఇస్తుంది. పెదనాన్న పోయాక ఆ కొట్టు మీదే ఇద్దరు పిల్లల్ని చదివించింది.

ఆమె తమ్ముడిది ముంబై దగ్గరి భీవండి. మా కరీంనగర్, సిరిసిల్ల వైపు నుంచి సాంచెల (మరమగ్గాల) పని వెతుక్కుంటూ పోయి అక్కడే స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. వాటిలో అదొకటి. ఆ తమ్ముడి కూతురికి మాఘమాసంలో పెళ్లి కుదిరింది. ముహూర్తం తెల్లవారుజామున 5 గంటల 20 నిమిషాలకు. మేనత్త రాకపోతే పీటల మీద కూర్చోనని పెళ్లిపిల్ల ఫోన్లో మొండికేసింది. ఎప్పుడూ బస్సులోనే వెళ్లొచ్చే పెద్దమ్మకు ఆ ఏడు మోకాళ్లు సహకరించలేదు. అందుకని ముందురోజు సాయంత్రం ఆరున్నరకు శంషాబాద్ నుంచి ముంబై వెళ్లే విమానానికి కొడుకు టికెట్ తీశాడు. కన్ఫర్మ్ టికెట్. డబ్బు మొత్తం ముందే కట్టాడు.

పెద్దమ్మ మూడింటికే విమానాశ్రయం చేరింది. కౌంటర్‌లో బోర్డింగ్ పాస్ ఇచ్చారు గానీ దాని మీద సీటు నంబరు లేదు. అడిగితే, గేటు దగ్గర ఇస్తారన్నారు. సీటు నంబరు లేని పాస్ అంటే అర్థం ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

టికెట్ కొన్నవాళ్లలో కొందరు చివరికి ప్రయాణానికి రారు. ఆ సీట్లు ఖాళీగా ఎగరకుండా విమాన సంస్థలు ఉన్న సీట్ల కంటే కొన్ని టికెట్లు ఎక్కువ అమ్ముతాయి. ఇది దొంగచాటు వ్యవహారం కాదు. కొంత పరిమితిలో అలా అమ్ముకోవచ్చని మన దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధనల్లోనే ఉంది. అనుకున్నట్టు కొందరు రాకపోతే ఏ గొడవా లేదు. అందరూ వస్తేనే ఎవరో ఒకరు నేల మీద మిగలాలి. ఇంటి నుంచే ఫోన్లో చెక్-ఇన్ చేసుకుని సీటు ఎంచుకున్నవాళ్లకు ఆ బెడద తక్కువ. కౌంటర్ దాకా వచ్చి నిలబడే పెద్దమ్మ లాంటివాళ్ల మీదే ఎక్కువగా పడుతుంది.

ఆ సాయంత్రం అందరూ వచ్చారు. వరస మొత్తం లోపలికి వెళ్లిపోయాక గేటు దగ్గర సీటు నంబరు లేనివాళ్లు ముగ్గురు మిగిలారు. ఇద్దరు యువకులు ఇంగ్లీషులో గట్టిగా వాదించారు. కాసేపటికి వాళ్లనూ లోపలికి పంపించారు. పెద్దమ్మ ఒక్కతే మిగిలింది.

"పొద్దుగాల పెండ్లి ఉన్నది బిడ్డా, నేను ఇయ్యాలనే పోవాలె" అని ఆమె వచ్చిన హిందీలో బతిమాలింది. విమానం నిండిందని, రేపు ఉదయం ఏడింటి విమానంలో పంపిస్తామని గేటు దగ్గరి కుర్రాడు చెప్పాడు. ఇంగ్లీషులో అచ్చు వేసిన ఒక కాగితం ఆమె ముందు పెట్టాడు.

"క్యా లిఖా హై ఇస్‌మే, బేటా?"

"కుఛ్ నహీ, ఆంటీ. కల్ కా టికెట్, ఖానే కా కూపన్. ఉస్‌కే లియే సైన్ కర్‌నా హై."

పెద్దమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, కాగితాన్ని సంచి మీద పరుచుకుని నిదానంగా సంతకం చేసింది. తొందరపడమని రెండుసార్లు అన్నాడట. కాగితం చేతికి రాగానే మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. రేపటి టికెట్, భోజనం కూపన్ ఇచ్చాడు. నకలు ఇవ్వలేదు.

తెల్లవారి జీలకర్ర బెల్లం పెట్టే వేళకు పెద్దమ్మ విమానాశ్రయం కుర్చీలోనే ఉంది. మేనకోడలి పెళ్లిని తమ్ముడి కొడుకు పెట్టిన వీడియో కాల్‌లో చూసింది. భీవండి చేరేసరికి విందు విస్తళ్లు కూడా లేచాయి.

తిరిగొచ్చాక ఆమె నన్ను పిలిచింది. ఏడవలేదు. ఒకే మాట అడిగింది.

"ఒక్క బియ్యం బస్తాను నేను ఇద్దరికి అమ్మితే మన బజార్ల నన్ను ఏమంటరు బిడ్డా?"

నిబంధనలు తెచ్చి ఆమె పక్కన కూర్చుని చదివాను. టికెట్ ఉండి, వేళకు వచ్చినవాళ్ల సంఖ్య సీట్ల కంటే ఎక్కువైతే విమాన సంస్థ చేయాల్సిన మొదటి పని, తమంతట తాము ఆగిపోయేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగడం. అలా ఒప్పుకున్నవాళ్లకు ఏమివ్వాలన్నది సంస్థ ఇష్టం. ఎవరూ ఒప్పుకోకుండా ఒకరిని బలవంతంగా ఆపితే మాత్రం ఆ ఇష్టం చెల్లదు. 2016 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన లెక్క ఇది: అసలు బయలుదేరాల్సిన సమయం నుంచి గంటలోపు బయలుదేరే మరో విమానంలో పంపితే పరిహారం లేదు. 24 గంటల్లోపు పంపితే మూల చార్జీ, ఇంధన చార్జీ కలిపిన మొత్తానికి రెండు రెట్లు, 10,000 రూపాయలకు మించకుండా ఇవ్వాలి. 24 గంటలు దాటితే నాలుగు రెట్లు, 20,000కు మించకుండా. ప్రయాణమే వద్దనుకుంటే టికెట్ డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చి, ఆపైన అదే నాలుగు రెట్లు.

పెద్దమ్మ టికెట్‌లో ఆ రెండు చార్జీలూ కలిపి 3,600. అంటే ఆమెకు రావాల్సింది 7,200 రూపాయలు.

ముందు అడగాలి అన్న నియమం ఎవరి దయ వల్లా పుట్టలేదు. 1972లో అమెరికాలో వినియోగదారుల ఉద్యమకారుడు రాల్ఫ్ నాడర్‌ను టికెట్ ఉన్నా విమానం ఎక్కనివ్వలేదు. ఆయన కోర్టుకెళ్లాడు. అలా దావా వేసే హక్కు ఆయనకు ఉందని 1976లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. సీటు వదులుకునేవారిని ముందు వెతకాలని, ఆ తర్వాతే ఎవరినైనా ఆపాలని 1978లో అక్కడి పౌర విమానయాన మండలి నియమం పెట్టింది. మన దగ్గర కూడా 2022 జూన్‌లో డీజీసీఏ తనిఖీలు చేసి, ప్రయాణికులను ఆపి పరిహారం ఎగ్గొట్టిన ఒక సంస్థకు 10 లక్షల రూపాయల జరిమానా వేసింది. అమ్ముకునే లాభం సంస్థది, ఆగిపోయే నష్టం ప్రయాణికుడిది కాకూడదన్నదే ఈ నియమాల సారం. ఇది ఒకరు పెట్టే భిక్ష కాదు. ప్రయాణికుడికి పడ్డ బాకీ.

విమాన సంస్థకు ఈమెయిల్ రాశాం. నాలుగు వరుసల జవాబు వచ్చింది. ప్రయాణికురాలు తన ఇష్టంతోనే సీటు వదులుకున్నారని, ఆ మేరకు సంతకం చేశారని, పరిహారం వర్తించదని అందులో ఉంది. సద్భావంతో 1,500 రూపాయల వోచర్ ఇస్తామన్నారు.

నాకు గుండె జారింది. బలవంతంగా ఆపిన మనిషిని ఇష్టపడి ఆగిన మనిషిగా మార్చేది ఆ ఒక్క కాగితమే. పరిహారం ఎగరగొట్టాలంటే సంస్థకు వేరే ఎత్తు అక్కర్లేదు. తొందరలో, తెలియని భాషలో, రేపటి టికెట్ ఆశ చూపించి ఒక సంతకం తీసుకుంటే చాలు.

"పెద్దమ్మా, ఆ కాగితం మీద సంతకం పెట్టినవా?"

"పెట్టిన. ఊరికే పెట్టలే బిడ్డా" అంది. ఖాతా పుస్తకంలోంచి వాడని భోజనం కూపన్ తీసి నా చేతిలో పెట్టింది. "ఇది ఇచ్చిండ్రు. నేను తినలే. ఇది కూడ దాఖలు చెయ్యి."

కేంద్రం నడిపే ఎయిర్‌సేవలో ఫిర్యాదు నమోదు చేశాం. సంస్థ అదే జవాబు మళ్లీ పంపింది. ఇక మిగిలింది వినియోగదారుల కమిషన్. 2020 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం పెద్దమ్మ లాంటివాళ్లకు గొప్ప మేలు చేసింది. సంస్థ కార్యాలయం ఎక్కడున్నా, ఫిర్యాదుదారు తాను ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే దాఖలు రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకోకుండా సొంతంగా చెప్పుకోవచ్చు. పెద్దమ్మ కరీంనగర్ జిల్లా కమిషన్‌లో కేసు వేసింది.

ఉత్తర భారతంలోని ప్రధాన కార్యాలయం నుంచి సంస్థ రాతపూర్వకంగా ఇంగ్లీషులో సమాధానం దాఖలు చేసింది. సంతకం ఉన్న అసలు పత్రాన్ని విచారణ రోజు సమర్పిస్తామని అందులో రాసింది. స్థానికంగా ఒక న్యాయవాదిని పెట్టింది. విచారణ రోజు ఆయన కొరియర్‌లో వచ్చిన కవరు తెరిచి ఆ కాగితాన్ని బల్ల మీద ఉంచాడు. అచ్చయిన భాగాన్ని గట్టిగా చదివాడు: "నా సీటును ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను. బదులుగా మరో విమానంలో ప్రయాణం, భోజనం కూపన్ స్వీకరిస్తున్నాను. ఇకపై పరిహారం కోరను." కింద ఫిర్యాదుదారు సంతకం ఉందని, వాదించడానికి ఇంకేమీ మిగల్లేదని అన్నాడు. కమిషన్ ఆ కాగితాన్ని ఎగ్జిబిట్ బి-1గా గుర్తించింది. ఫిర్యాదుదారు తెచ్చిన ఆధారాలు ఎ వరసలో, ఎదుటి పక్షం తెచ్చినవి బి వరసలో చేర్చడం అక్కడి పద్ధతి.

అధ్యక్షురాలు పెద్దమ్మ వైపు చూసింది. "అమ్మా, ఈ సంతకం మీదేనా?"

"నాదే, మేడం."

"సీటు మీ ఇష్టంతోనే ఇచ్చేసినట్టు ఇందులో ఉంది కదా?"

"అది వాళ్లు ఇంగ్లీషుల రాసుకున్నది, మేడం. నేను రాసింది దాని కిందనే ఉన్నది."

అధ్యక్షురాలు కాగితాన్ని దగ్గరికి తీసుకుంది. అచ్చు ముగిసిన చోటికీ సంతకానికీ మధ్య చిన్న అక్షరాల్లో నాలుగు వరుసలు ఉన్నాయి. పేరూ చిరునామా అనుకుని ఎవరూ పట్టించుకోని వరుసలు అవి. ఆమె కాసేపు చూసి, కాగితాన్ని విమాన సంస్థ న్యాయవాదికి తిరిగి ఇచ్చింది.

"మీరు తెచ్చిన పత్రం. మొత్తం మీరే చదవండి."

ఆయన చదవడం మొదలుపెట్టాడు. రెండో మాటకే గొంతు తగ్గింది. గట్టిగా చదవమని అధ్యక్షురాలు అంది.

"ఈ కాగితంల ఏమున్నదో నాకు చదువ రాదు. అడిగితే రేపటి టికెట్ కోసమని చెప్పిండ్రు. నా సీటు నేను ఎవ్వలకు ఇయ్యలేదు. ఉంటరా అని నన్ను ఎవ్వలు అడుగలేదు. పొద్దున పెండ్లి ఉన్నది, ఇయ్యాలనే పోవాలె అని చెప్పినా వినకుంట ఆపిండ్రు. సంతకం పెడితేనే రేపటి టికెట్ ఇస్తమన్నరు కాబట్టి పెడుతున్న. సాయంత్రం 6 గంటల 20 నిమిషాలు."

కింద సంతకం, తేదీ.

తీర్పు నెల తర్వాత వచ్చింది. 7,200 రూపాయల పరిహారం, దాని మీద వడ్డీ, మనోవేదనకూ ఖర్చులకూ విడిగా మరికొంత ఇవ్వాలని సంస్థను ఆదేశించారు. తీర్పు చివర ఆధారాల పట్టిక ఉంది. ఎ వరసలో మేము ఇచ్చిన టికెట్, సీటు నంబరు లేని బోర్డింగ్ పాస్, వాడని కూపన్, ఈమెయిళ్లు ఉన్నాయి. ప్రయాణికురాలిని బలవంతంగానే ఆపారనడానికి తిరుగులేని ఆధారంగా తీర్పు పేర్కొన్నది మాత్రం ఒక్కటే: ఎగ్జిబిట్ బి-1.