ఆదివారం సాయంత్రానికల్లా ప్రొక్లెయిన్ సిద్ధం: తిరుగులేని చిట్కాలు

హసెగావా వాళ్ళ 1/35 మోడల్ కిట్టు, హిటాచీ జాక్సిస్ 135యూఎస్, కొన్నారు. మంచిది. అసలు బండి 13 టన్నుల తరగతిది, మీది బల్ల మీద జానెడు. ఇంత చిన్నదానికి నెలల తరబడి కూర్చునేవాళ్ళను చూసి కంగారు పడకండి. వాళ్ళకు పని కావాలి, మనకు పేరు కావాలి. బురద కప్పలేని తప్పు లేదని ముందే నమ్మండి. మిగతాదంతా తేలిక.

1. ముక్కలన్నీ చట్రం నుంచి ఒకేసారి తెంపి ఒకే డబ్బాలో పోయండి. నంబర్లు చట్రం మీదే ఉంటాయి. తెంపేస్తే నంబర్ల బెడద వదిలిపోతుంది. కట్టర్ కొనకండి, గోళ్ళు తీసేది చాలు. తెంపిన చోట మిగిలే బుడిపెలను సానపట్టకండి. ఎవరైనా వేలు పెట్టి చూపిస్తే "వెల్డింగ్ అతుకులు" అనండి. చివర్లో మిగిలే ముక్కలు స్పేర్లు.

2. ముక్కలు కడగకండి, ప్రైమర్ కొట్టకండి. అచ్చులోంచి వచ్చిన ప్లాస్టిక్‌కు నూనె అంటుకుని ఉండొచ్చు, సబ్బునీళ్ళతో కడగకపోతే రంగు నిలవదు అని చెప్పేవాళ్ళుంటారు. నిలవకపోవడమే మనకు లాభం. రంగు పెచ్చులు లేచినట్టు కనిపించాలని వాళ్ళు తుప్పు రంగు మీద హెయిర్ స్ప్రే కొట్టి, పైన బండి రంగు వేసి, తడి కుంచెతో ఓపిగ్గా గీకుతారు. మీ బండికి అది దానంతటదే లేస్తుంది, చెయ్యి తగిలిన ప్రతి చోటా.

3. అన్నిటికీ ఫెవిక్వికే. ప్లాస్టిక్ సిమెంటు అంచులను కాస్త కరిగించి ఒకటి చేస్తుంది. అది ఆరేదాకా ఎవరు కూర్చుంటారు? కేబిన్ అద్దాలకు ఇంకొంచెం ధారాళంగా పెట్టి వెంటనే మూసేయండి. ఆవిరి బయటికి పోక అద్దం లోపల తెల్లటి పొరలా పడుతుంది. ఇక సీటు, లివర్లు, డ్యాష్‌బోర్డు, సుమారు 5 సెంటీమీటర్ల ఆపరేటరు, ఏదీ చెయ్యక్కర్లేదు. "ఏసీ ఫుల్లుగా పెట్టాడన్నా" అంటే సరిపోతుంది.

4. గేటుకు వేయగా మిగిలిన ఎనామిల్ వాడండి. పల్చన చెయ్యకండి, ఒక్క పూతలో పని అయిపోవాలి. చిక్కటి రంగు బోల్టు తలల్ని, ప్యానెళ్ళ సందుల్ని పూడ్చేస్తుంది. కనిపించని బోల్టుకు పల్చటి ముదురు రంగు వాష్ పెట్టే పని లేదు, కాబట్టి సగం సాయంత్రం మిగిలినట్టే. రంగు జిగురుగా ఉండగానే స్టిక్కర్లు అంటించండి, సెట్టింగ్ ద్రావణం ఖర్చు ఉండదు. కుడివైపుది ఎడమకు పోతే ఏమీ కాదు. రెండు వైపులూ ఒకేసారి చూసే కళ్ళు ఎవరికీ లేవు.

5. చైన్లు ఎటు తోస్తే అటు వేయండి. పళ్ళ చక్రం వెనక, నున్నటి చక్రం ముందు ఉండాలని పట్టుబట్టేవాళ్ళతో వాదించకండి. పైభాగం గుండ్రంగా తిరుగుతుంది కదా, కేబిన్‌ను తిప్పి పెట్టి "ఇప్పుడు సరేనా?" అని అడగండి.

6. ఇప్పుడు అసలు విద్య, తుప్పు. తుప్పు ఎక్కడ పట్టదో అక్కడ మొదలుపెట్టండి. హైడ్రాలిక్ సిలిండర్ రాడ్డుకు క్రోమ్ పూత ఉంటుంది. నడిచే బండిలో అది అద్దంలా మెరవాలి. అక్కడ తుప్పు పడితే సీలు కోసుకుపోయి ఆయిల్ కారుతుంది. అందుకే రాడ్డుకు దట్టంగా ఇటుకరంగు కొట్టండి. అంత పాత బండి ఇంకా పనిచేస్తోందంటే చూసినవాళ్ళు చెయ్యెత్తి దండం పెట్టాలి. బకెట్ పళ్ళు రోజూ రాయిని, మట్టిని రాచుకుని వెండిలా తేలతాయి. వాటికీ అదే ఇటుకరంగు. మెట్ల అంచులు, తలుపు పిడి, ఆపరేటరు కాలూ చెయ్యీ రోజూ తగిలి రంగు అరిగే చోట్లు మాత్రం కొత్తగా వదిలేయండి. పాత్రలు తోమే స్పాంజి ముక్కను ముదురు గోధుమ రంగులో ముంచి, మిగతా బండంతా సమానంగా అద్దండి. కేబిన్ కప్పును మరవకండి. సైలెన్సర్ చుట్టూ మసి పెట్టడం అందరూ చేసేదే, మీరు హెడ్‌లైటుకు పెట్టండి.

7. పూలకుండీలో మట్టి, ఫెవికాల్, నీళ్ళు కలిపి పైనుంచి కిందికి పోయండి. జల్లెడ పట్టకండి. ఈ కొలతలో 2 మిల్లీమీటర్ల రేణువు 7 సెంటీమీటర్ల రాయి అవుతుంది, కేబిన్ మీద నాలుగు రాళ్ళుంటే బ్లాస్టింగ్ సైటులా గంభీరంగా ఉంటుంది. తడి మట్టి ముదురుగా, ఆరింది లేతగా ఉంటుందని రెండు మూడు ఛాయలు కలిపేవాళ్ళది తీరిక ఎక్కువైన వ్యవహారం. ఒక్క రంగు చాలు, ఊరు మాత్రం మార్చి చెప్పండి. నల్లగా వస్తే ఆదిలాబాద్ రేగడి, మరీ నల్లగా వస్తే రామగుండం ఓపెన్‌కాస్టు. బూడిదరంగు వస్తే కోకాపేటలో గ్రానైటు బద్దలు కొట్టిన పొడి. ఎర్రగా వస్తే మీ నాన్నగారి ఊరు, దాన్ని ఎవరూ కాదనలేరు.

8. పిన్నుల దగ్గర గ్రీజు కోసం రంగు కలపకండి. వంటింటి నూనె రెండు చుక్కలు చాలు. రోజులు గడిచేకొద్దీ దుమ్ము అదే పట్టించుకుంటుంది, మీ చెయ్యి తగలకుండానే బండి ముసలిదవుతుంది.

9. ఫొటోలు సంధ్యవేళ, లైటుకు ఎదురుగా తీయండి. అంచులు మెరుస్తాయి, మధ్యంతా చీకటి. బకెట్ అడ్డం వచ్చేలా కింది నుంచి తీస్తే కేబిన్ కనిపించదు. నచ్చిన ఒక్క ఫొటోనే నాలుగు గ్రూపుల్లో వేసి, "ఎన్నాళ్ళు పట్టింది?" అని అడిగినవాళ్ళకు "లెక్కపెట్టలేదు తమ్ముడూ" అని మాత్రమే జవాబివ్వండి.

10. పోటీకి తీసుకెళ్తే వెనక వరసలో, ఎవరిదైనా పెద్ద క్రేన్ నీడలో పెట్టండి. జడ్జి టార్చిలైటు బయటికి తీయగానే మాట కలపండి. ఎక్కడ చదువుకున్నారు, ఎవరి తాలూకు, కాఫీ తాగారా అని అడగండి. ఈలోగా బూమ్ ఊడి బల్ల మీద పడితే చేత్తో ముట్టుకోకండి. జేబులోంచి రెండో చీటీ తీసి బండి ముందున్న పేరు చీటీ మీద అతికించండి. దాని మీద ముందే రాసి ఉంచుకోవాల్సింది: "షెడ్డులో రిపేరుకు విప్పిన బండి."