రెండు రోజుల్లో సపిండీకరణం

పిఠాపురం పాదగయలో పిండం పెట్టాలంటే ముందు గోత్రం చెప్పాలి. తర్వాత తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు. ముత్తాత దగ్గరికొచ్చేసరికి చాలామంది నీళ్లు నములుతారు. పురోహితుడు మాత్రం వదలడు. "ఇంటికి ఫోన్ చేసి పెద్దాళ్లని కనుక్కోండి, ఆయ్, తొందరేం లేదు" అంటాడు. ఎవరి పిండాన్ని ఎవరితో కలుపుతున్నాడో తేలకుండా ఆయన చెయ్యి కదపడు.

ఈమధ్య కళాశాలల నోటీసు బోర్డుల మీద మరో రకం పిండప్రదానానికి ఆహ్వానాలు వెలుస్తున్నాయి. 'సిస్టమాటిక్ రివ్యూ, మెటా ఎనాలిసిస్: రెండు రోజుల శిక్షణ. టీ, భోజనం, సర్టిఫికెట్.' ఇక్కడ గోత్రం అడిగే పురోహితుడు లేడు. పిండాలు కలపడం మాత్రం ఉంది. పోయినవాళ్ల పిండాన్ని పెద్దల పిండాలతో కలిపే సపిండీకరణం ఏడాదికి చెయ్యాల్సింది, పన్నెండో రోజునే కానిచ్చేస్తున్నామని మన పెద్దలు నొచ్చుకుంటూ ఉంటారు. వీళ్లు రెండో రోజు సాయంత్రానికే కానిచ్చేస్తారు.

విషయం తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒక మందు పనిచేస్తుందా లేదా అని ప్రపంచంలో ఎక్కడెక్కడో జరిగిన అధ్యయనాలన్నిటినీ, మనకు నచ్చినవీ నచ్చనివీ కూడా, వెతికి తెచ్చి, ఒక్కొక్కదాని మంచిచెడ్డలు తూచి, మొత్తం మీద అవి ఏం చెబుతున్నాయో తేల్చడం సిస్టమాటిక్ రివ్యూ. వాటి అంకెల్ని లెక్క ప్రకారం ఒకే అంకెగా కలపడం మెటా ఎనాలిసిస్. టైఫాయిడ్ టీకా మీద బ్రిటిష్ సైనికుల లెక్కల్ని కార్ల్ పియర్సన్ 1904లోనే ఇలా కలిపి చూశాడు. ఆ పనికి ఇప్పటి పేరు పెట్టింది 1976లో జీన్ గ్లాస్.

పని గొప్పదే. నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా ఉన్న తల్లికి చవకైన స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ బతికే అవకాశం పెరుగుతుందని 1972లో న్యూజిలాండ్ వైద్యులు చూపించారు. తర్వాత వచ్చిన చిన్న చిన్న అధ్యయనాల్లో కొన్ని అవునన్నాయి, కొన్ని ఎటూ తేల్చలేదు. అన్నిటినీ ఒకచోట చేర్చిన సమీక్ష అచ్చయ్యేసరికి 1989 వచ్చింది. ఆ పదిహేడేళ్లూ చాలామంది డాక్టర్లకు సంగతి తెలియక ఇంజెక్షన్ ఇవ్వలేదు, బతకాల్సిన పిల్లలు పోయారు. ఇలాంటి సమీక్షల కోసమే 1993లో పుట్టిన కోక్రేన్ సంస్థ ఆ అధ్యయనాల గీతలనే తన గుర్తుగా పెట్టుకుంది. ఇంత బరువైన విద్యను మనం ఎలా నేర్పుతున్నామో చూడండి.

మొదటి రోజు పదింటికి జ్యోతి ప్రజ్వలన. ముఖ్య అతిథి వచ్చేసరికి పదకొండున్నర. శాలువా, జ్ఞాపిక, ఫోటో. పరిశోధన దేశాభివృద్ధికి వెన్నెముక అని అతిథిగారు నలభై నిమిషాలు చెప్పి, వేరే కార్యక్రమానికి వెళ్లిపోతారు. భోజనం. భోజనమయ్యాక ప్రశ్న ఎలా తయారుచెయ్యాలో చెప్పే పాఠం, సగం హాలు నిద్రలో. రెండో రోజు సాఫ్ట్‌వేర్. అంకెలు ఇక్కడ వేయండి, అక్కడ నొక్కండి. తెర మీద ఫారెస్ట్ ప్లాట్ పడుతుంది: వరసగా గీతలు, గీత మధ్యలో చిన్న గడి, అడుగున వజ్రం ఆకారం. తేడా ఏమీ లేదని చెప్పే నిలువు మధ్యగీతను వజ్రం తాకకపోతే చప్పట్లు. తాకితే శిక్షకుడు చిన్నగా దగ్గి, లెక్క కలిపే పద్ధతుల్లో 'ఫిక్స్‌డ్' తీసి 'రాండమ్' పెట్టమంటాడు, లేదా ఉన్న 'రాండమ్' తీసి 'ఫిక్స్‌డ్' పెట్టమంటాడు. ఏదో ఒకటి పెడితే వజ్రం జరుగుతుంది. జరిగేదాకా అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు.

"సార్, ఈ పన్నెండు పేపర్లూ మొత్తం చదవాలాండీ?" అంటుంది ఒక పీజీ అమ్మాయి.

"అబ్‌స్ట్రాక్ట్ చాలమ్మా. రెండో టేబుల్లో అంకెలు కాపీ చేసేసుకో."

"ఇందులో రెండు పేపర్లు ఒకే ఆస్పత్రివి సార్. నెలలు కూడా అవే. రోగులు కూడా అవే అనిపిస్తోందండీ."

"మంచిదే కదమ్మా, శాంపిల్ పెరుగుద్ది."

ఆ అమ్మాయికి శిక్షణ అక్కర్లేదు. ఆవిడకి కావలసిన ముఖ్యమైన గుణం ముందే ఉంది, అనుమానం. రెండు రోజుల్లో ఆ గుణాన్ని పోగొట్టి పంపుతారు.

అసలు పని ఎంతకాలం పడుతుందో లెక్క ఉంది. మొదలుపెట్టబోయే సమీక్షను ముందే ప్రకటించి నమోదు చేసుకోవడానికి ప్రాస్పెరో అనే పట్టిక 2011 నుంచి నడుస్తోంది. అందులో నమోదైన 195 సమీక్షల్ని చూస్తే, నమోదు నుంచి అచ్చుదాకా సగటున 67.3 వారాలు పట్టిందని 2017లో ఒక అధ్యయనం తేల్చింది. ఒక్కోదానికి సగటున ఐదుగురు రచయితలు. ఏం వెతుకుతామో, ఏది చేర్చుకుంటామో, ఏది వదిలేస్తామో ముందే రాసిపెట్టాలి. ఇద్దరు వేర్వేరుగా కూర్చుని, ఒకరి నిర్ణయం ఒకరికి తెలియకుండా, వేల సారాంశాలు వడగట్టాలి. ఇద్దరికీ మాట కుదరకపోతే మూడో మనిషి తీర్పు చెప్పాలి. అచ్చుకాని అధ్యయనాల కోసం ఊరూరా ఉత్తరాలు రాయాలి. ఎందుకంటే మందు పనిచేసిందన్న వార్త ఎలాగూ అచ్చవుతుంది, పనిచేయలేదన్నది సొరుగులో పడి ఉంటుంది. ఇందులో ఏ ఒక్కటీ మీట నొక్కితే అయ్యే పని కాదు కాబట్టి ఏ ఒక్కటీ వర్క్‌షాపులో ఉండదు.

నేర్చుకునే దారి లేకనా అంటే, అదీ కాదు. వెల్లూరు సీఎంసీలోని కోక్రేన్ కేంద్రం ఏళ్ల తరబడి ఓపిగ్గా ఈ విద్య నేర్పింది. దేశంలో ఇంటర్నెట్ ఉన్న ప్రతివాడూ కోక్రేన్ సమీక్షలు చదువుకోడానికి 2007లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) డబ్బు కట్టింది. తలుపులైతే తీశారు. కాకపోతే ఆ తలుపు దగ్గర సర్టిఫికెట్ కౌంటర్ లేదు.

మరి ఈ తొక్కిసలాట ఎందుకు? వైద్య కళాశాలలో ప్రమోషన్ కావాలంటే పేపర్లు ఉండాలి. ఏ పేపర్లు చెల్లుతాయో చెబుతూ జాతీయ వైద్య కమిషన్ 2022 నియమావళి సొంత పరిశోధన పక్కనే మెటా ఎనాలిసిస్‌నీ, సిస్టమాటిక్ రివ్యూనీ ఒకే వరసలో కూర్చోబెట్టింది. ఉద్దేశం మంచిదే అయ్యుంటుంది. కానీ పాపం, అసిస్టెంట్ ప్రొఫెసర్ లెక్క వేసుకోడా? సొంత అధ్యయనమంటే రోగులు కావాలి, ఎథిక్స్ కమిటీ కావాలి, డబ్బు కావాలి, మూడేళ్లు కావాలి, రోగి మళ్లీ ఆస్పత్రికి రావాలి. మెటా ఎనాలిసిస్‌కి లాప్‌టాప్ చాలు. రోగి ముఖం చూడకుండానే లక్ష మంది రోగుల మీద తీర్పు చెప్పొచ్చు. ఇంత సుఖమైన వైద్యం ఇంకెక్కడుంది?

ఇది ఒక్క మన జబ్బే కాదు. 1991 నుంచి 2014 మధ్య ఏటా అచ్చయ్యే సిస్టమాటిక్ రివ్యూలు 2700 శాతానికి పైగా పెరిగాయని, మెటా ఎనాలిసిస్‌లలో నికరంగా చికిత్సకు పనికొచ్చేవి బహుశా 3 శాతమేనని పరిశోధకుడు జాన్ ఇయోనిడిస్ 2016లో రాశాడు. అచ్చు వేసే అంగళ్ల విషయంలో మాత్రం మన తెలుగు నేల వెనకబడలేదు. హైదరాబాద్ కేంద్రంగా వందల జర్నళ్లు నడిపిన ఒమిక్స్ సంస్థ, పేపర్లు నిపుణులు పరిశీలించాకే వేస్తున్నామంటూ రచయితల్ని మోసగించిందని తేల్చి, 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని 2019లో అమెరికా కోర్టు ఆదేశించింది. అలాంటి చోట్ల అచ్చయిన సరుకు ఇవాళ్టికీ వెతుకులాటలో దొరుకుతుంది. దొరికింది కదా అని కలిపేస్తారు.

గోత్రం అడక్కుండా కలిపితే ఏమవుతుందో కోవిడ్ చూపించింది. ఐవర్‌మెక్టిన్ వేస్తే చావులు బాగా తగ్గుతాయని ఈజిప్టు నుంచి ఒక అధ్యయనం 2020 చివర్లో, నిపుణుల పరిశీలనకు ముందే, ప్రీప్రింట్‌గా వచ్చింది. దాన్ని కలుపుకున్న మెటా ఎనాలిసిస్‌లు వరసగా వచ్చాయి. వజ్రం మధ్యగీతకి దూరంగా, ధగధగా మెరిసింది. మన దేశపు మార్గదర్శకాల్లోకి కూడా ఆ మాత్ర ఎక్కింది. అప్పుడు లండన్‌లో చదువుకుంటున్న జాక్ లారెన్స్ అనే వైద్య విద్యార్థి ఎవరూ చెయ్యని సాహసం ఒకటి చేశాడు. ఆ పేపర్ని చదివాడు. ఉపోద్ఘాతం చాలావరకు ఎక్కడెక్కడివో పేరాలు ఎత్తి, మాటలు మార్చి అతికించినది. 'సివియర్ అక్యూట్ రెస్పిరేటరీ సిండ్రోమ్' అనే జబ్బు పేరు కాస్తా 'ఎక్స్‌ట్రీమ్ ఇంటెన్స్ రెస్పిరేటరీ సిండ్రోమ్' అయి కూర్చుంది. అసలు లెక్కలు తెరిస్తే, చనిపోయినవాళ్లలో కొందరు అధ్యయనం మొదలవకముందే పోయారు. పాదగయకి వెళ్లాల్సిన పేర్లు పరిశోధనలో చేరాయన్నమాట. 2021 జులైలో ఆ ప్రీప్రింట్‌ని తీసేశారు. దాన్నీ, అలాంటి అనుమానాస్పదమైనవాటినీ పక్కన పెట్టి మళ్లీ లెక్కిస్తే ప్రాణాలు నిలిపే మహిమ ఆవిరైపోయింది. సెప్టెంబరుకి మన మార్గదర్శకాల్లోంచీ మాత్ర దిగిపోయింది. ఎంతోమంది పెద్ద పెద్ద డిగ్రీల వాళ్లు కలిపిన పిండాన్ని, చదవడం మర్చిపోని ఒక్క కుర్రాడు విడదీశాడు.

ఉన్నదంతా పోగుచేసి, తూచి, ఆధారం చూపించి తేల్చే విద్య పిఠాపురానికి కొత్తేమీ కాదు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పుట్టింది. పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూరు డబ్బు పెట్టారు. జయంతి రామయ్య పంతులు సారథ్యంలో పండితులు కావ్యాల్ని ఏరి, మాట మాటకీ ఏ కవి ఎక్కడ ఎలా వాడాడో ప్రయోగంతో సహా ఎత్తి రాశారు. సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం బయటికొచ్చింది 1936లో. పంతులుగారు 1941లో పోయారు, అప్పటికి పని ఇంకా నడుస్తూనే ఉంది. సంస్థానం వాళ్లు ఏడాదికోసారి వచ్చి 'ఎన్ని పేపర్లయ్యాయి?' అని అడిగిన దాఖలా లేదు.

ఆ పని మచ్చలేనిదని కాదు. కావ్యాల్లో ఉన్న మాటకే పెద్దపీట. ఉప్పాడ మగ్గం దగ్గరో, నాట్లు వేసే చేలోనో పుట్టిన మాట గ్రంథం గడప తొక్కకపోతే నిఘంటువు గడపా తొక్కలేదు. ఏది చేర్చుకోవాలన్న నిర్ణయంలోనే పక్షపాతం ఉంది. కానీ పంతులుగారు దాన్ని దాచుకోలేదు. గ్రాంథికమే భాష అని 1913లోనే ఇంగ్లీషులో పుస్తకం రాసి మరీ చాటారు. అదే ఏడు గిడుగు రామమూర్తి కూడా వాడుకభాష తరఫున తన వాదాన్ని అచ్చు వేయించారు. గీత ఎక్కడ గీశారో కనిపిస్తోంది కాబట్టే వ్యావహారికవాదులు వేలుపెట్టి చూపించి పోట్లాడగలిగారు. ఇవాళ మన వర్క్‌షాపు సమీక్షల్లో అసలు గీత ఉండదు. వజ్రం మెరిశాక దాని చుట్టూ గీస్తారు.

పంతులుగారే ఇవాళ ఆ ఒక్క సంపుటం పట్టుకుని ప్రమోషన్ కమిటీ ముందు నిలబడితే ఏమవుతుంది? పాతికేళ్లకి ఒక్కటేనా అంటారు. గుర్తింపు ఉన్న సూచికల్లో లేదంటారు. సహరచయితలు మరీ ఎక్కువైపోయారంటారు. రెండు రోజుల శిక్షణ సర్టిఫికెట్ జత చేయలేదని ఎర్రసిరాతో రాసి ఫైలు తిప్పి పంపుతారు. జనం మాట్లాడే మాటల్ని ఎందుకు వదిలేశారండీ అని మాత్రం ఒక్కరూ అడగరు. అడగాలంటే పుస్తకం తెరవాలి మరి.