ఆరుగురికి ఒక తపేలా

నేను ఇనుపరేకు తపేలాను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1777లో, కనెటికట్ దళంలోని ఆరుగురు సిపాయిలకు కలిపి నన్నిచ్చారు. నన్ను మోయాలంటే అందరికీ ఒళ్లుమంటే. అంతకుముందు ఏడాది నా జాతిదే, పోత ఇనుముది, ఒకటుండేది. జోసెఫ్ ప్లంబ్ మార్టిన్ అనే పదిహేనేళ్ల కుర్రాడు దాన్ని మోయలేక దారిలో దించేస్తే, తోటివాడు కాలితో ఒక్క తోపు తోశాడు. దొర్లుకుంటూ పోయి కంచెకు తగిలిందట. వండేందుకు గింజ లేనప్పుడు తపేలా ఎందుకన్నారు. నేనెలా కాదనను?

నా ఆరుగురిలో ఒకడు పొలంలో వాటా రాని చిన్నకొడుకు. ఒకడు చెప్పులు కుట్టే యజమాని దగ్గర్నుంచి పారిపోయి వచ్చాడు. ఒకడు ఐర్లండువాడు, ఒకడు మొహెగన్ తెగవాడు. ఐదోవాడు నల్లజాతి బానిస. దొరకు బదులు వచ్చాడు, యుద్ధం ముగిశాక విడుదల అని మాట. ఆరో ఆయన నెరిసిన గడ్డం మనిషి, ఎందుకొచ్చాడో ఎవరికీ చెప్పలేదు. చివరిదాకా ఉంటే ఇరవై డాలర్లు, 100 ఎకరాలు ఇస్తామని అమెరికా కాంగ్రెస్ ఆశ పెట్టింది. రాత్రిళ్లు చిన్నకొడుకు ఆ ఎకరాలను లెక్కపెట్టుకునేవాడు. స్వేచ్ఛ అన్న మాట అధికారుల నోట గంభీరంగా వినిపించేది. ఐదోవాడికి మాత్రం అది రావలసిన బాకీ.

డిసెంబరులో కాంగ్రెస్ కృతజ్ఞతా దినం ప్రకటించింది. ఆ రోజు మనిషికి గుప్పెడు బియ్యం, చెంచాడు వినిగర్ పంచారు. ఎసరు చూసి నాకే సిగ్గేసింది. మర్నాడు చలికాలపు శిబిరం వ్యాలీ ఫోర్జ్ చేరాం. పిండిని నీళ్లతో కలిపి రాళ్లమీద కాల్చుకు తిన్నారు, నాకు పనేలేదు. ఫిబ్రవరిలో స్టూబెన్ అనే ప్రష్యా అధికారి వచ్చి కవాతు నేర్పాడు. ఇంగ్లీషు రాదు, ఆయన ఫ్రెంచి, జర్మన్ తిట్లకు ఇంకొకరు అర్థం చెప్పాలి. ఐర్లండువాడికి మాత్రం అనువాదం అక్కర్లేకపోయింది.

మాంసం దొరికిన రోజున వాటాలకు మావాళ్లకొక పద్ధతుండేది. ఒకడు వెనక్కి తిరిగి నిలబడతాడు. ఇంకొకడు ముక్క పట్టుకుని "ఇది ఎవరికి?" అంటాడు. తిరిగినవాడు పేరు చెబుతాడు. ఎముకొచ్చినా గొణగకూడదు.

ఆ శిబిరంలో సుమారు రెండు వేలమంది పోయారు, ఎక్కువగా జ్వరాలతో. మా గడ్డం ఆయనా అలాగే పోయాడు. తర్వాత మాంసం వచ్చిన రోజు మొహెగన్ కుర్రాడు వెనక్కి తిరిగి, అలవాటుకొద్దీ ఆయన పేరూ పిలిచాడు. ఎవరూ సరిదిద్దలేదు. ఆ ముక్క చాలాసేపు నా అడుగునే ఉండిపోయింది.